ఆరు పసుపు గీతలు

నూకయ్య మేస్త్రీని ఏదైనా అడిగితే జవాబు రాదు, పని వస్తుంది అని అనకాపల్లి షెడ్లలో ఒక మాట ఉంది. అందులో అబద్ధమేమీ లేదు. ఇంజన్ ఎందుకు వేడెక్కుతోందని అడిగినవాడి చేతికి ఆయన రేడియేటర్ ఇచ్చి కడగమనేవాడు. బ్రేకు ఎందుకు కీచుమంటోందని అడిగినవాణ్ణి చక్రం విప్పమని తాను కాఫీకి వెళ్ళిపోయేవాడు. తుప్పు పట్టిన నట్టయినా రెండు చుక్కలు కిరసనాయిలు పోస్తే విప్పుకుంటుంది గాని మేస్త్రీ నోరు మాత్రం విప్పుకోదని శిష్యులు చాటుగా నవ్వుకునేవారు. అలా నవ్వుకున్నవాళ్ళలో చాలామంది ఇప్పుడు సొంత షెడ్లు పెట్టుకుని, తమ దగ్గర పని నేర్చుకునేవాళ్ళకి అచ్చం అలాగే జవాబులు చెబుతున్నారు.

ఆయనకి డెబ్బై దాటాయి. రెండేళ్ళుగా కుడిచెయ్యి వణుకుతోంది, అందుకని పానా ముట్టుకోవడం మానేశాడు. అయినా పొద్దున్నే వచ్చి హైవే పక్కనున్న కొండబాబు షెడ్డులో పీట మీద కూర్చుంటాడు. కొండబాబు ఆయన దగ్గర పదకొండేళ్ళు పని నేర్చుకున్నవాడు. షెడ్డు మీద బోర్డు ఇంకా అతని పేరునే ఉంది గాని అతను లేడు. మూడు రోజుల జ్వరంతో పోయాడు, పోయి పద్నాలుగు నెలలైంది. ఇప్పుడు ఆ షెడ్డు నడుపుతున్నది అతని భార్య వరహాలు.

ఆమె పని రానిది కాదు. తొమ్మిదేళ్ళు భర్త పక్కన కూర్చుని పానాలు అందించింది. అతను చెయ్యి చాపితే చాలు, పన్నెండో నంబరా పద్నాలుగో నంబరా అని అడక్కుండానే కావలసింది అరచేతిలో పెట్టేది. చూసి చూసి తనూ చెయ్యి కలిపింది. చివరి మూడేళ్ళలో సగం ఇంజన్లు ఆమే దించింది. అతను పోయాక ఆమెకి తెలిసిందేమిటంటే అది రెండు చేతుల పని కాదు, నాలుగు చేతుల పని. ఒక చేత్తో పంపు ఎత్తి పట్టుకుంటే బోల్టు ఎక్కించడానికి రెండో చెయ్యి చాలదు. కింద చెక్కముక్క ఆనించి ఎలాగో నెట్టుకొచ్చేది. ఒక్కోసారి పెట్టెలోంచి పానా తీసి, అలవాటు కొద్దీ పక్కకి చాపేది. అందుకునేవాళ్ళు ఉండరు. ఆ పానాని తన రెండో చేత్తో తానే అందుకుని పనిలో పడేది. మేస్త్రీ అది చూసి కూడా చూడనట్టు రోడ్డువైపు తిరిగి కూర్చునేవాడు.

శ్రావణమాసం వెళ్ళిన కొత్తలో ఒకరోజు ఆమె ఆయన్ని అడిగింది. అప్పటికి రెండు బండ్లు, చేసిన పనే మళ్ళీ చెయ్యాల్సి వచ్చి తిరిగొచ్చాయి. పెద్ద తప్పులు కావు, ఒకటి ఆయిలు చెమ్మ, ఒకటి బెల్టు బిగువు. కాని ఆమె మనసు విరిగిపోయింది.

"మేస్త్రీగారూ, ఆయన కూకున్న పీట మీదే కూకుంటన్నాను. ఆయన పట్టిన పానాయే పడతన్నాను. అన్నీ ఆయన సేసినట్టే సేత్తన్నాను. మరెందుకు ఆయనకొచ్చినట్టు రాదు నాకు?"

మేస్త్రీ నోట్లో వక్కపలుకు ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకి మార్చుకున్నాడు. అంతకుమించి ఏమీ జరగలేదు. ఆయన సంగతి తెలిసిందే కాబట్టి ఆమె కూడా గుచ్చి అడగలేదు. జవాబు నాలుగో రోజున వచ్చింది, అదీ సత్యానందం వ్యానులో వచ్చింది.

సత్యానందం తుమ్మపాలవైపు మనిషి. నర్సరీ మొక్కలు వేసుకుని ఊరూరా తిరుగుతాడు. ఆ వ్యాను వాటర్ పంపు దగ్గర నీళ్ళు చెమర్చుతున్నాయి. పంపుకీ ఇంజన్ బ్లాకుకీ మధ్యన ఉండే గ్యాస్కెట్ పాడైంది, అంతే. పంపు విప్పి, కొత్త గ్యాస్కెట్ వేసి, ఆరు బోల్టులు బిగిస్తే పూటలో అయిపోయే పని. కాని బానెట్ ఎత్తి చూడగానే వరహాలు చేతులు కిందికి దిగిపోయాయి. ఆ పంపు బిగించింది కొండబాబు. జ్వరం రావడానికి ముందురోజు బిగించాడు. అది అతను ఆఖరుగా చేసిన పని.

కొండబాబుకి ఒక అలవాటుండేది. బోల్టు బిగించడం అయ్యాక సన్న కుంచె తీసుకుని, బోల్టు తల మీంచి పక్కనున్న లోహం మీదికి సాగేటట్టు ఒక గీత గీసేవాడు. ఎప్పుడైనా బోల్టు వదులైతే ఆ గీత రెండు ముక్కలుగా విరిగి కనబడుతుంది. విప్పి చూడనక్కర లేకుండా ఏది కదిలిందో తెలిసిపోతుంది. ఊళ్ళో అతని గీతలున్న బండ్లు ఒక్కొక్కటే వేరే షెడ్లకి పోయాయి. అక్కడెవరో విప్పారు, కడిగారు, తుడిచారు. ఇక మిగిలినవి ఈ వ్యాను పంపు మీది ఆరు పసుపు గీతలే. షెడ్డు గోడకి అతని ఫొటో ఉన్నమాట నిజమే. కాని ఫొటో తీసింది స్టూడియోవాడు. ఈ గీతలు గీసింది అతను.

సత్యానందం తాళం ఇస్తూ నసిగాడు. చెయ్యి మారితే బండి ఎలా ఉంటుందోనని అతని భయం. పైకి అనలేదు గాని తాళం ఇచ్చాక కూడా రెండు వేళ్ళతో పట్టుకునే ఉన్నాడు. వరహాలుకి ఒళ్ళు మండింది, దుఃఖమూ వచ్చింది. రెండూ కలిసి వచ్చినప్పుడు మనిషి నోటినుంచి వచ్చే మాట సాధారణంగా అక్కరకు మించే ఉంటుంది.

"ఆయన బిగించినట్టే బిగించి ఇత్తాను. పిసరంత తేడా ఉండదు" అంది.

పీట మీద మేస్త్రీ ఆ మాట విన్నాడు. వక్కపలుకు బుగ్గ మారింది.

మర్నాడు ఆమె పంపు విప్పింది. కేలండర్ అట్ట మీద పంపు ఆకారం గీసుకుని, ఏ బోల్టు ఏ చోటిదో ఆ చోటే గుచ్చి పెట్టుకుంది. ఇదీ కొండబాబు పద్ధతే. పాత గ్యాస్కెట్ గీకి తీసింది, పంపు ముఖం తుడిచింది. బోల్టు తలల మీద, పంపు అంచు మీద ఉన్న పసుపు జోలికి మాత్రం గుడ్డ పోనివ్వలేదు. కొత్త గ్యాస్కెట్ పెట్టి, చెక్కముక్క ఆనించి, ఆరు బోల్టులూ వేళ్ళతో ఎక్కించి, పానా అందుకుంది. మేస్త్రీ అప్పుడు లేడు. కంటి ఆసుపత్రికి వెళ్ళాడు, మధ్యాహ్నానికి గాని రాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ కాలపు బండ్లలో ఇంజన్ బ్లాకు ఇనుముది కాదు, అల్యూమినియంది. బోల్టు ఉక్కు. దాన్ని పట్టుకుని ఉండే మర, అంటే బెజ్జం లోపలి చుట్లు, మెత్తని అల్యూమినియం. పాత ఇనుప బ్లాకుల కాలంలో మెకానిక్ ఇంకొక్క పట్టు లాగినా ఇనుము సర్దుకుపోయేది. అల్యూమినియం కొంతవరకు ఓర్చుకుంటుంది, ఆ తరవాత చెప్పాపెట్టకుండా వదిలేస్తుంది. ఈ సంగతి వరహాలుకి తెలియక కాదు. వేరే ఏ బండి అయినా ఆమె చెయ్యి ఎక్కడ ఆగాలో అక్కడ ఆగేదే. ఈ బండి దగ్గర ఆమె చెయ్యిని చూడలేదు, గీతని చూసింది.

బోల్టు తల మీది పసుపు, పంపు మీది పసుపు మళ్ళీ ఒక్క గీతగా కలిసేదాకా తిప్పాలి, అదే ఆమె పెట్టుకున్న లెక్క. మొదటి బోల్టు సులువుగానే కలిసింది. దాని ఎదురుది కొంచెం ముక్కింది గాని అదీ కలిసింది. మూడోదానికి ముంజేతిలో నరం తేలింది. పాత గ్యాస్కెట్ పద్నాలుగు నెలలుగా నొక్కుకుని అణిగిపోయినది, కొత్తది ఇంకా మందంగా ఉంది. అందుకని బోల్టు గీతదాకా రాకముందే బిగిసిపోతోంది. నాలుగో బోల్టు దగ్గర రెండు పసుపు ముక్కలకీ మధ్యన బియ్యపుగింజంత ఎడం మిగిలింది. ఇంక చాలని చెయ్యి చెప్పింది. ఆమెకి స్పష్టంగానే వినబడింది. కాని గీత కలవలేదు. ఆ గింజంత ఎడం చూస్తూ ఉంటే, అతను అక్కడే ఉన్నాడు, ఇంకొంచెం లాగితే చాలు అనిపించింది. లాగింది.

చేతిలో బరువు ఒక్కసారిగా తేలిపోయింది. పానా వెన్నలో తిరిగినట్టు తిరిగింది. పని చేసేవాళ్ళకి ఆ తేలిక తెలుసు, అంతకన్నా పాడు తేలిక ఇంకోటి ఉండదు. వరహాలు పానా తీసి చూసింది. గీత కలిసింది. మిగతా అన్నిటికన్నా చక్కగా, వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసింది. లోపల మాత్రం బోల్టు దేన్నీ పట్టుకుని లేదు.

ఆమె అలాగే నేలమీద కూర్చుండిపోయింది. రోడ్డు మీద లారీలు పోతూనే ఉన్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఎక్కడ ఆపి ఉండాల్సిందో ఇప్పుడు ఆమెకి అణువణువూ తెలుస్తోంది. చెబుదామంటే పక్కన మనిషి లేడు. కొండబాబు ఉండి ఉంటే ఏమనేవాడో ఆలోచించింది, అతని గొంతు గుర్తు చేసుకోబోయింది. గొంతు వెంటనే రాలేదు. మర పోయినందుకు కాదు, గొంతు గుర్తు రానందుకు ఆమెకి ఏడుపు వచ్చింది. కాసేపు ఏడ్చి, ముక్కు చీది, అల్మరా వైపు చూసింది. అందులో గమ్ము డబ్బా ఉంది. బోల్టు తీసి గమ్ము పూసి పెట్టేస్తే నెలా రెండు నెలలు నీళ్ళు కారవు. గీతలు ఆరూ కలిసి ఉంటాయి. సత్యానందం చూసి, అచ్చం కొండబాబు పనే అంటాడు. ఆమె లేచి డబ్బా తీసింది. మూత కూడా తిప్పింది.

అప్పుడే మేస్త్రీ వచ్చాడు. కంట్లో వేసిన మందుకి కళ్ళు చికిలిస్తూ బండి దగ్గర నిలబడి, ఆరు బోల్టులూ వరసగా చూశాడు.

"గీతలు బాగా కలిసినాయి" అన్నాడు.

ఆయన వణికే చెయ్యి చాపి నాలుగో బోల్టుని రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పాడు. అది బొమ్మబండి చక్రంలా తిరిగింది. అలాగే వేళ్ళతోనే బయటికి లాగాడు. బోల్టు చుట్లలో ఒక సన్నని వెండిరంగు తీగ చిక్కుకుని వచ్చింది. అల్యూమినియం మర ఊడి మొత్తం దానితోనే వచ్చేసింది. మేస్త్రీ ఆ తీగ విప్పి ఆమె అరచేతిలో పెట్టాడు. ఏమీ బరువు లేదు దానికి. ఆమె దాన్నే చూస్తూ నిలబడింది.

తిడతాడేమోనని ఎదురుచూసింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన గమ్ము డబ్బా ఆమె చేతిలోంచి తీసుకుని, మూత గట్టిగా బిగించి అల్మరాలో పెట్టి వచ్చాడు. ముందు బండాయనకి ఫోను చేసి జరిగింది చెప్పమన్నాడు. ఆమె చేసింది. తన చేతిలోనే మర పోయిందనీ, బాగుచేసి ఇస్తాననీ, రేపు సాయంత్రం అవుతుందనీ చెప్పింది. అవతలినుంచి సత్యానందం, చెప్పడమైతే చెప్పేవు కదా, సరే కానీ అన్నాడు.

ఇక పని మొదలైంది. మేస్త్రీ పీట బండి దగ్గరికి జరుపుకుని పంపు మళ్ళీ విప్పించాడు. పోయిన మరని తొలిచి బెజ్జం కొంచెం పెద్దది చెయ్యాలి. తొలిచిన లోహపు రజను బ్లాకు లోపలికి పడకుండా డ్రిల్లు మొనకి గ్రీజు పూయించాడు. బెజ్జం వాలిపోతే మిగతా జన్మంతా బోల్టు వాలిపోయే ఉంటుంది కాబట్టి ఆమె డ్రిల్లు పెట్టిన ప్రతిసారీ గడ్డం ఊపి, అటు, ఇటు అని నిలువు చూపించాడు. తరవాత కిరసనాయిలు చుక్కలు వేసుకుంటూ, సగం చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ కొత్త మర కోసింది. ఆ మరలోకి ఉక్కుతీగతో స్ప్రింగులా చుట్టిన చిన్న చుట్టని ఎక్కించింది. ఇకమీదట బోల్టు అల్యూమినియంలో కాదు, ఆ ఉక్కులో తిరుగుతుంది. చుట్ట అడుగున తిప్పడానికి ఉండే చిన్న నాలుకని విరిచి, సన్న పట్టకారుతో బయటికి తీసి మేస్త్రీకి చూపించింది. అది లోపలే ఉండిపోతే ఇంజన్ని తినేస్తుంది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని చూశాకనే తల ఊపాడు.

ఆ తరవాత మిగతా అయిదు బెజ్జాలూ చూపించాడు. బ్రష్షుతో తోమించి, గాలి కొట్టించి, అగరుబత్తి పుల్ల పెట్టి లోతు కొలిపించాడు. రెండింటి అడుగున పాత నీళ్ళ మడ్డి పేరుకుని ఉంది. మడ్డి మీద ఆగిన బోల్టు కూడా బిగిసినట్టే కనబడుతుంది. అన్నీ అయ్యాక ఆయన కిరసనాయిల్లో తడిపిన గుడ్డ తీసి ఆమెకి ఇచ్చాడు. పంపు అంచు, బోల్టు తలలు తుడవమన్నాడు.

వరహాలు గుడ్డ పట్టుకుని ఉండిపోయింది.

"ఇవి పోతే ఇంకెక్కడా నేవు మేస్త్రీగారూ" అంది. "ఊరంతా ఎతికేను. ఇంకెక్కడా నేవు."

మేస్త్రీ బలవంతపెట్టలేదు, ఊరడించనూ లేదు. ఎండ వాలి షెడ్డు గుమ్మందాకా వచ్చింది. చివరికి ఆమె వంగి పంపుని ఒళ్ళో పెట్టుకుంది. ఒకటో బెజ్జం దగ్గరి పసుపు మీద గుడ్డ పెట్టి, బిడ్డ మూతి తుడిచినంత మెల్లగా తుడిచింది. పసుపు కరిగి గుడ్డలోకి వచ్చేసింది. పక్కనున్న జిడ్డు కూడా ఊడి, వేలి వెడల్పు ఎడంగా ఒక తెల్లని గీత బయటపడింది. పాత గీత. పోతపోసిన లోహం గరుకులోకి ఇంకిపోయి, సగం మాసి ఉంది. ఆమె ఇంకొంచెం రుద్దింది. ఆ తెలుపుకి అవతల పక్కన ఎర్రటి మచ్చ ఒకటి కనబడింది. అదీ గీతే.

ఆమె గబగబా రెండోది తుడిచింది, మూడోది తుడిచింది. ప్రతి పసుపు గీత దగ్గరా ఒక తెలుపు ఉంది, కొన్నిటి దగ్గర ఎరుపూ ఉంది. ఏ రెండూ ఒకచోట లేవు. ఒకటి ఇటు, ఒకటి అటు, ఒకటైతే పసుపుకి పూర్తిగా ఎదురుగా. సత్యానందం వ్యాను వాటర్ పంపు ఇదివరకు మూడుసార్లు విప్పారన్న సంగతి ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. ఆ మూడుసార్లూ తనే పక్కన కూర్చుంది. ఎర్ర రంగు సీసా ఒకసారి, తెల్ల సీసా ఒకసారి, పసుపు సీసా చివరిసారి, మూడూ అందించింది తనే. రంగు ఎందుకు మారుస్తున్నావని ఏనాడూ అడగలేదు. అందించడంలో ఉన్న సుఖానికి అడగాలని తోచలేదు.

"ఇవీ ఆయనవేనా?" అంది, తెలిసే.

"మరెవులివి?" అన్నాడు మేస్త్రీ.

మర్నాడు మధ్యాహ్నం ఆమె పంపు ఎక్కించింది. ఒక్కొక్క బోల్టునీ ముందు వెనక్కి తిప్పి, మర అందుకున్న చప్పుడు వేలికి తగిలాక ముందుకి తిప్పి, చేతికి వచ్చినంతవరకు చేత్తోనే ఎక్కించింది. తరవాత పానా పట్టింది. ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, మూడు విడతల్లో బిగించింది. చూడటానికి గీత లేదు కాబట్టి గోడవైపు చూస్తూ బిగించింది. నాలుగో బోల్టు వంతు వచ్చింది. ఉక్కు మర గట్టిగా పట్టుకుంది. చెయ్యి చాలు అంది. చాలా అని అడగడానికి పక్కన కొండబాబు లేడు. నిన్నా లేడు, రేపూ ఉండడు. ఆ మాట మొదటిసారి ఆమె తనకి తానే తిన్నగా చెప్పుకుంది. చెప్పుకుని, పానా తీసేసింది. నీళ్ళు పోసి, ఇంజన్ తిప్పి, వేడెక్కేదాకా ఉంచి, వేలితో అంచంతా తడిమి చూసింది. పొడిగా ఉంది.

ఇంజన్ ఆపి, అలవాటు కొద్దీ చెయ్యి పక్కకి చాపింది. ఈసారి ఆ చేతిలో ఒక సీసా, కుంచె పడ్డాయి. మేస్త్రీ అల్మరాలోంచి తెచ్చినట్టున్నాడు. చెయ్యి వణకడంలో మూత చుట్టూ కొంచెం రంగు ఒలికింది. అది ఆకుపచ్చ, కొండబాబు ఎన్నడూ మూత తియ్యనిది. ఆమె కుంచె ముంచి మొదటి బోల్టు మీదికి వంగింది. బోల్టు తల మీది పాత పసుపు జాడ ఒకవైపు ఆగి ఉంది. పంపు మీద తెలుపు, ఎరుపు, తుడిచినా పూర్తిగా పోని పసుపు నీడ మరోవైపు ఉన్నాయి. కుంచె గాలిలోనే ఆగిపోయింది. ఆమె తల తిప్పి ఆయనకేసి చూసింది.

మేస్త్రీ వక్కపలుకు ఉమ్మేశాడు.

"గీత సూసి బిగించరు తల్లీ" అన్నాడు. "బిగించినాక గీస్తారు."